బస్సు ముక్కు దాటే చోట

ఆయన మొహం చూడకముందే ఆయన బ్రేకు లైనింగులు చూశాను నేను. డిపోలో నా పని బ్రేకులు. చక్రం విప్పి డ్రమ్ము ఊడదీస్తే లోపల కనబడేదంతా డ్రైవరు కాలే. కొందరి డ్రమ్ములు నీలం తిరిగి ఉంటాయి. అంటే దగ్గరకొచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా తొక్కుతున్నారన్నమాట. కొందరి లైనింగులు, అంటే డ్రమ్ముని ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, కాలి, ముట్టుకుంటే పొడి రాలుతుంది. ఒక బస్సువి మాత్రం మిగతా బస్సులకి రెండుసార్లు మార్చే కాలంలో ఒక్కసారి కూడా మార్చాల్సిన అవసరం వచ్చేది కాదు. స్టోరు గుమాస్తా నా దగ్గరికొచ్చి, "ఈ బండి సంగతి మరిచిపోయావా, లేక ఇది నడవడం లేదా?" అని అడిగాడు. ఎవరు తోలుతున్నారో కనుక్కుంటే, "నిదానం మామ" అన్నారు.

ఆయన్ని డిపోలో అందరూ అలాగే పిలిచేవాళ్లు. అసలు పేరు జీతాల రోజున తప్ప వినబడేది కాదు. పొట్టి మనిషి, మెడ లావు, సీటు మీద ఒక దిండు వేసుకుంటే తప్ప రోడ్డు సరిగ్గా కనబడేది కాదు. ఒకరోజు నేను బస్సు కింద గొయ్యిలో దిగి పనిచేస్తుంటే పైనుంచి వంగి, "అల్లుడూ, ముందు ఎడమ చక్రానికి బ్రేకు మిగతా వాటికంటే ఒక పిసరు ముందు పట్టుకుంటోంది. చూడు" అన్నాడు. నాకు ఆయన మామా కాదు, నేను ఆయనకి అల్లుణ్ణీ కాదు. అయినా ఆ రోజునుంచి అదే వరస ఖాయమైపోయింది. చక్రం విప్పి చూస్తే తేడా ఉంది. వెంట్రుక మందం. అంత తేడా కాలికి తెలిసే డ్రైవర్ని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆ కాలి నిదానాన్ని ఆయనకి నేర్పింది గాజు. బస్సుల్లోకి రాకముందు ఆయన కిటికీ అద్దాల గోదాములో లారీ తోలేవాడు. పెద్ద పెద్ద గాజు పలకల్ని చెక్క చట్రాల్లో నిలబెట్టి, మధ్యలో గడ్డి కుక్కి పంపేవాళ్లు. కొంచెం గట్టిగా బ్రేకు పడిందా, వెనక పలకలు టింగుమంటాయి. ఇంకొంచెం గట్టిగా పడిందా, దించేటప్పుడు చీపురు కావాలి. "వెనకనుంచి గాజు నాతో మాట్లాడుతూనే ఉండేది. అది నోరెత్తకుండా ఊరు దాటడమే నా పని" అనేవాడు. రోడ్డు మీద ఏదో కనబడ్డాక ఆగడం కాదు, కనబడే పాటికే బండి ఆగుతూ ఉండాలి అని ఆయన లెక్క. బస్సెక్కాక కూడా ఆ గాజుని దించలేదు. వెనక కూర్చున్న మనుషుల్ని కూడా గడ్డి కుక్కి నిలబెట్టిన పలకల్లాగే తీసుకెళ్లాడు.

దానికి మాటలూ పడ్డాడు. ఆయన బస్సులో కండక్టరమ్మ నోరు ఊరుకునేది కాదు. "మామా, అందరం దిగి తోసుకుంటూ వస్తాం, నువ్వు స్టీరింగు పట్టుకో చాలు, ముందే చేరతాం" అనేది. భార్య కూడా తక్కువది కాదు. నేను వాళ్ల ఇంటికెళ్లిన మొదటిరోజే చెప్పింది. "ఈయన చొక్కా గుండీలు పెట్టుకునేలోపు నేను వంట చేసి, వడ్డించి, గిన్నెలు కడిగి, ఒక కునుకు తీస్తాను." ఆయన నవ్వేవాడు. నవ్వు కూడా నిదానంగానే వచ్చేది.

ఆయన దారిలో ఒక వెడల్పాటి రోడ్డు ఉంది. ఒక పక్క ఇరుకు ఇళ్లు, మేడలు. రెండో పక్క వరసగా పనిషెడ్లు. బ్యాటరీల దుకాణం, అచ్చు ప్రెస్సు, మాకు లైనింగులు అమ్మేవాడు, ఆ చివర చొక్కాలు కుట్టే షెడ్డు. పొద్దున్నే ఇళ్ల పక్కనుంచి షెడ్ల పక్కకి జనం దాటాలి. మధ్యలో సిమెంటు దిమ్మె, దానికి అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు బండ్లు. సిగ్నలు లేదు. తెల్ల గీతలు ఉన్నాయిగానీ టైర్లకి అరిగి, తెలిసినవాడికే కనబడతాయి. ఆ గీతల దగ్గర ఏ బండీ ఆగేది కాదు. పైగా ఎవరైనా అడుగు ముందుకు వేస్తే ఇంకాస్త వేగం పెంచి, హారను కొట్టి, వెనక్కి తరిమేవాళ్లు. జనం గుంపుగా పోగై, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకర్నొకరు లాక్కుంటూ పరుగెత్తేవాళ్లు. అంతమందిని గుద్దడు కదా అనే ధైర్యం తప్ప ఇంకే ధైర్యమూ లేదు.

నిదానం మామ అక్కడ ఆగాడు. మొదట్లో ఎవరూ నమ్మలేదు. బస్సు ఆగి ఉంటుంది, జనం రోడ్డు పక్క గట్టు మీద నిలబడి ఉంటారు, ఆయన వాళ్లనీ, వాళ్లు ఆయన్నీ చూస్తూ ఉంటారు. "దాటమంటే దాటరు, వాళ్ల సొమ్మేదో నేను ఎత్తుకుపోతున్నట్టు చూస్తారు" అని నాతో విసుక్కున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు చెయ్యి. పక్క అద్దంలో చూసి, రెండో వరస ఖాళీగా ఉందనుకుంటే, స్టీరింగు మీంచి చెయ్యి లేపి, అరచెయ్యి తెరిచి, కర్టెను పక్కకి జరిపినట్టు ఇటునుంచి అటు మెల్లగా తీసుకెళ్లేవాడు. ఆ చెయ్యి చూసి ఒక ముసలాయన దాటాడు. ఆయన వెనక ఇద్దరు పిల్లల తల్లి. తర్వాత అందరూ.

కొన్నేళ్లలో ఆ చెయ్యి ఆ వీధికి అలవాటైపోయింది. డిపోలో కొత్తగా చేరిన డ్రైవర్లని ఆయన పక్కన కూర్చోబెట్టేవాళ్లు. ఆయన మాటలతో నేర్పే మనిషి కాదు. చేసి చూపించి, వాళ్లతో చేయించి, తప్పు చేస్తే మోకాలి మీద చిన్నగా కొట్టేవాడు. ఆగు, అద్దం చూడు, చెయ్యి ఊపు. ఈ మూడూ వాళ్లకి ఒంటబట్టేదాకా వదిలేవాడు కాదు. డిపో ఆఫీసరు ఒక సమావేశంలో ఆయన్ని నిలబెట్టి మెచ్చుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆఫీసరు మాట్లాడినంతసేపూ ఈయన నా వైపు చూసి, ఎప్పుడు కూర్చోవచ్చో చెప్పమన్నట్టు కళ్లతో అడుగుతూ ఉన్నాడు.

చొక్కాల షెడ్డులో కాజాలు కుట్టే మనిషి ఒకావిడ ఉండేది. గుండీ దూరే రంధ్రానికి అంచు కుట్టడమే ఆమె పని. ఆమె అక్క కూడా అదే షెడ్డులో కాలర్లు కుట్టేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఇళ్ల పక్క ఒక గదిలో ఉండేవాళ్లు. చెల్లెలు సాయంత్రం కొన్ని చొక్కాలు దుప్పట్లో మూటగట్టి ఇంటికి తీసుకెళ్లి, కాజాలు పూర్తిచేసి, పొద్దున తెచ్చేది. ఆమె దాటే వేళకి మామ బస్సు వచ్చేది. అందరిలా దాటి పోయేది కాదామె. బస్సు ముందుకి రాగానే ఆగి, నుదుటికి చెయ్యి ఆనించి, కానిస్టేబుల్లా సెల్యూట్ కొట్టి, అప్పుడు నడిచేది. కండక్టరమ్మ వెనకనుంచి, "చూడు చూడు, మన దొరగారికి వందనం. నాకేమో చిల్లర కూడా మొహాన కొడతారు" అనేది. ఆ అక్కాచెల్లెళ్లతో మామ ఒక్క మాట మాట్లాడి ఎరగడు. కాజాల ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా ఆయనకి తెలియదు. బస్సు ముందు అద్దంలోంచి చెయ్యి, అదే అద్దంలోంచి సెల్యూట్. అంతే పరిచయం.

ఆ రోజు అక్క ముందే వెళ్లిపోయింది. చెల్లెలు ఒక్కతే మూటతో వచ్చింది. మామ గీతలకి ఆనించినట్టు బస్సు ఆపాడు. అద్దం చూశాడు. రెండో వరస ఖాళీ. చెయ్యి ఊపాడు. ఆమె బస్సు ముందుకొచ్చి సెల్యూట్ కొట్టబోయింది. చెయ్యి లేపడంతో మూట ముడి జారింది. చొక్కాలు బస్సు ముందు నేల మీద పడ్డాయి.

ఆమె వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. సీట్లోంచి మామకి ఆమె వీపు మాత్రమే కనబడుతోంది. కాజాలు పూర్తయిన కొత్త చొక్కాలు, ఒక్కొక్కటే దులిపి ఒళ్లో పెట్టుకుంటోంది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకడు హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. బస్సులో ఎవరో, "డ్రైవరు గారూ, ఇవాళ్టికి కదులుతామా?" అన్నారు. నలుగురు నవ్వారు. ఆమె లేచింది. చొక్కాలు గడ్డం దాకా ఉన్నాయి. వాటి పైనుంచి మామ వైపు చూసింది. వెళ్లనా అని అడగడం అది. మామ మళ్లీ చెయ్యి ఊపాడు. ఈసారి కర్టెను జరిపినట్టు కాదు. వేళ్లు విదిలిస్తూ, పో, పో అని.

ఆమె పరుగెత్తింది.

బస్సు వెనక ఇంతసేపూ ఆగి విసిగిపోయిన ఒక కారు పక్క వరసలోకి తిరిగి, ముందున్న ఖాళీ చూసి వేగం అందుకుంది. బస్సు పక్కనుంచి వస్తున్న కారుకి బస్సు ముందున్న మనిషి కనబడదు. బస్సు ముందున్న మనిషికి కారు కనబడదు. ఇద్దరూ ఒకరికొకరు కనబడేది బస్సు ముక్కు దాటే చోటే. అప్పటికి చేసేదేమీ ఉండదు.

ఆ తర్వాత జరిగింది రాయను. చొక్కాలు మాత్రం చాలా దూరం పడ్డాయని చెప్పారు.

కారు ఆయన పారిపోలేదు. కాస్త ముందుకెళ్లి ఆపి, వెనక్కి నడిచొచ్చి, అందరితో ఒకటే చెప్పాడు. "బస్సు చాటునుంచి మనిషి ఉన్నట్టుండి పరుగెత్తుకొచ్చింది. నేనేం చెయ్యను?" బస్సులో వాళ్లూ అదే చెప్పారు. నిలబడింది, ఉన్నట్టుండి పరుగెత్తింది. అందులో అబద్ధం లేదు.

ప్రమాదం జరిగిన చోట ఆగి ఉన్న బండి బ్రేకులు కూడా పరీక్షించాలని మా దగ్గర పద్ధతి. బస్సు నా గొయ్యి మీదికి వచ్చింది. మామ బోర్లించిన ఒక పాత డ్రమ్ము మీద కూర్చున్నాడు. అన్ని చక్రాలూ విప్పాను. వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"బాగున్నాయి మామా."

"తెలుసు."

నేను చక్రాలు బిగించేశాను. అప్పుడు, "అల్లుడూ, నేను అద్దం చూశాను" అన్నాడు.

"నువ్వు చూడకుండా ఎప్పుడు చెయ్యి ఊపావు?"

"చూశాను. మొదటిసారి."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. బోల్టులు తుడుచుకుంటూ ఉండిపోయాను.

డిపో ఆఫీసరు మర్నాడే ఆయన్ని పిలిపించాడు. డ్రైవరు దాటేవాళ్లకి సైగ చెయ్యకూడదని నిబంధనల్లో ఎప్పటినుంచో ఉందట. చప్పట్లు కొట్టించినప్పుడు ఆ నిబంధన ఎక్కడికి పోయిందో మామ అడగలేదు. "నువ్వు ఆగావు, ఆమె దాటింది. అంతవరకే చెప్పు. చెయ్యి మాట ఎత్తకు. ఎత్తావా, నీ సీటు నేను కాపాడలేను" అన్నాడు ఆఫీసరు. బయటికొచ్చాక కండక్టరమ్మ పట్టుకుంది. "మామా, నేను వెనక టికెట్లు కొడుతున్నాను, ఏమీ చూడలేదు. నీకు పనికొస్తుందంటే చూశానంటాను. వద్దంటే నాకు కళ్లే లేవంటాను." ఆమె వేళాకోళం ఆడటం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఆయన మళ్లీ బస్సెక్కాడు. గీతల దగ్గర ఆగాడు. చెయ్యి మాత్రం లేపలేదు. జనం కదల్లేదు. అందరూ గట్టు మీద నిలబడి బస్సు ముందు అద్దంలోకి చూస్తున్నారు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "అటు చూసుకుని దాటండమ్మా" అన్నాడు. గుంపులోంచి మొదట్లో దాటిన ఆ ముసలాయనే, "చెయ్యి ఊపవేంటయ్యా, మా మీద అలిగావా?" అని అరిచాడు. అప్పుడు మామకి కనబడింది. అంతమందిలో ఒక్క తల కూడా రోడ్డు వైపు తిరిగి లేదు. బండ్లు వచ్చే దిక్కు ఎవరూ చూడటం లేదు. అందరి కళ్లూ ఆయన చేతి మీదే.

సాయంత్రం నాతో అన్నాడు. "గట్టు మీద నిలబడి భయపడేవాళ్లు అల్లుడూ. భయంతో అటూ ఇటూ చూసేవాళ్లు. ఆ చూపు నేను తీసేశాను."

దినాలు గడిచాక కాజాల ఆమె అక్క డిపోకి వచ్చింది. గేటు దగ్గర ఎవరో నా షెడ్డు చూపించారు, మామ అక్కడే ఉంటాడని. పలచటి మనిషి, వేళ్ల చివర్లు సూదులకి గట్టిపడి ఉన్నాయి. మామని చూసి నమస్కారం పెట్టింది. తిట్టడానికి రాలేదని తెలిసింది. తిట్టినా బాగుండేది.

"అన్నా, నాకొకటి చెప్పండి. మా చెల్లి పరుగెత్తే మనిషి కాదు. చిన్నప్పుడు వాన వస్తే నేను పరుగెత్తి ఇంట్లో దూరేదాన్ని, అది తడుస్తూ నడిచొచ్చేది. బడి గంట కొట్టినా నడిచే వెళ్లేది, దెబ్బలు తినేది. షెడ్డులో అందరూ చూసుకోకుండా పరుగెత్తిందట, పొగరట, కళ్లు నెత్తికెక్కాయట అంటున్నారు. మా యజమాని పొద్దునే అందర్నీ నిలబెట్టి, ఆమెలా చేస్తే ఇలాగే అవుతుందని పాఠం చెప్పాడు. నేను అక్కడే మిషను ముందు కూర్చుని విన్నాను. అదెందుకు పరుగెత్తింది అన్నా? మీరొక్కరే దాని ఎదురుగా ఉన్నారు."

మామ నా వైపు చూశాడు. తర్వాత నేల వైపు. "తెలీదమ్మా" అన్నాడు.

ఆమె మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నా చేతిలో రెంచి ఉంది. ఏ నట్టు బిగిస్తున్నానో మరిచిపోయాను. అప్పటికి నాకు అర్థమైంది, మొదటిసారి అంటే ఏమిటో.

ఆ రాత్రి ఆయన ఇంట్లో ఏం జరిగిందో తర్వాత భార్య చెబితే తెలిసింది. తిండి సగం వదిలేశాడట. "నిజం చెబితే ఏమవుతుంది?" అని ఆవిడ అడిగింది. "సీటు పోతుంది" అన్నాడు. "చెప్పకపోతే?" అంది. ఆయన కంచం పక్కకి జరిపాడట. "ఆ సీట్లో కూర్చునేది నువ్వు. అందులో ఇంక కూర్చోగలవో లేదో నేనెలా చెప్పను?" అని ఆవిడ దీపం ఆర్పేసింది.

విచారణ ఒక పాత భవనంలో, మెట్లెక్కితే వచ్చే పొడుగు గదిలో జరిగింది. నన్ను బ్రేకుల సంగతి చెప్పడానికి పిలిచారు. బల్లకి ఒక పక్క కారు ఆయన, ఆయన వకీలు. ఒక పక్క మా ఆఫీసరు. వెనక గోడ వారగా ఆ అక్క. నా మాట అయిపోయాక మామని నిలబెట్టారు. ఏం చూశావని విచారణ అధికారి అడిగాడు.

"ఆమె పరుగెత్తింది నేను పరుగెత్తించినందుకు" అన్నాడు మామ. "మొదటిసారి అద్దం చూసి చెయ్యి ఊపాను. చొక్కాలు పడ్డాయి, ఏరుకుంది. లేచి నన్ను అడిగింది. వెనక హారన్లు మోగుతున్నాయి. అద్దం చూడకుండానే మళ్లీ చెయ్యి ఊపాను. అద్దంలో చూసింది ఆ క్షణానికే పనికొస్తుంది. చొక్కాలు ఏరుకునేలోపు అది పాతబడిపోయింది."

ఆఫీసరు లేచి, "ఆయన ఇంకా ఆ షాకులో ఉన్నారు" అన్నాడు.

"లేనండీ" అన్నాడు మామ.

"నీ చెయ్యి చూసే పరుగెత్తిందని ఎలా చెప్పగలవు?" అని అధికారి అడిగాడు.

"ఏళ్ల తరబడి నా చెయ్యి చూసే దాటింది. ఆ రోజు మాత్రం ఇంకేం చూస్తుంది?"

వకీలు మొహం వెలిగింది. "అయితే మా వాడి తప్పేమీ లేనట్టే కదా."

"అది వేరే లెక్క" అన్నాడు మామ. "గీతల ముందు బస్సు ఆగి ఉందంటే దాని ముందు మనిషి ఉన్నట్టు. అది తెలిసి కూడా పక్కనుంచి దూసుకొచ్చాడు. నా తప్పు నేను చెప్పుకున్నానని ఆయనది తగ్గదు."

కానీ తగ్గింది. తప్పుని ఇద్దరికీ పంచారు. పంచితే పలచబడుతుంది. కారు ఆయన కొన్నాళ్లకే మళ్లీ అదే కారు తోలుకుంటూ ఆ రోడ్డు మీదే కనబడ్డాడు. ముందు భాగం సొట్ట తీయించి రంగు వేయించాడు. పని బాగా చేశారు, చూస్తే తెలియదు. తీర్పులో మాత్రం ఒక మాట వచ్చింది. ఆమె అజాగ్రత్తగా దాటలేదని, డ్రైవరు సైగ ప్రకారమే దాటిందని. ఆ అక్కకి దక్కింది అంతే.

విచారణ రోజున మెట్ల మీద ఆమె మామ కోసం ఆగింది. "రెండోసారి ఎలా ఊపారు?" అని అడిగింది. ఆయన చెయ్యి లేపబోయాడు. నడుం దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చూస్తూనే ఉంది. చివరికి లేపి, వేళ్లు విదిలించి చూపించాడు. ఆమె ఆ వేళ్లని చూసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. నేనైతే ఒక్క తిట్టయినా వినబడుతుందేమోనని ఎదురుచూశాను.

మామ సీటు పోయింది. ఉద్యోగం తీసేయలేదు, డిపో లోపల బండ్లు జరిపే పనిలో వేశారు. కడిగే చోటునుంచి నా గొయ్యి దాకా, గొయ్యి నుంచి గేటు దాకా. గేటు బయటికి చక్రం పెట్టకూడదు. గాజు పలకలు మోసిన కాలు ఖాళీ బస్సుల్ని వెనక్కి నెడుతూ ఉంది. అప్పటికీ ఒక్క కుదుపు ఉండేది కాదు. గొయ్యి మీదికి ఆయన బస్సు తెస్తే చక్రాలు ఎప్పుడు ఆగాయో కింద నాకు తెలిసేది కాదు.

ఆయన్ని తినేసింది సీటు పోవడం కాదు. పొద్దునే బస్సులు బయటికి వెళ్లే వేళకి గేటు దగ్గర నిలబడేవాడు. తన దగ్గర నేర్చుకున్న డ్రైవర్లని ఒక్కొక్కర్నీ ఆపేవాడు.

"చెయ్యి ఊపొద్దురా. గీతలకి ఆనించి ఆపొద్దు. రెండు కార్లు పట్టేంత వెనకే ఆపు. అప్పుడు పక్కనుంచి వచ్చేవాడికి మనిషి కనబడతాడు, మనిషికి వాడు కనబడతాడు."

"అంత వెనక ఆపితే ఆ సందులో మోటారు సైకిళ్లు దూరతాయి మామా."

"దూరనీ. కనబడుతూ దూరతాయి కదా."

"నువ్వే కదా నేర్పావు చెయ్యి ఊపమని."

"తప్పు నేర్పాను."

"ఇప్పుడు ఆపుదామన్నా ఆగదు మామా. దానంతటదే లేస్తుంది."

వాళ్లు అబద్ధం చెప్పలేదు. చేతికి ఒకసారి పట్టుబడిన పని మళ్లీ ఊడదీయడం ఎంత కష్టమో చేత్తో బతికేవాడికి తెలుసు. ఆయన నేర్పింది బాగా నేర్పాడు. అదే వచ్చిన తంటా.

మా ఇద్దరికీ సెలవున్న ఒక పూట లైనింగులు కొనడానికి ఆ రోడ్డుకి వెళ్తూ ఆయన్ని రమ్మన్నాను. రానంటాడనుకున్నాను, వచ్చాడు. గట్టు మీద జనంతో పాటు నిలబడ్డాం. కొంచెం అవతల ఆ అక్క ఉంది, చంకలో కాలర్ల కట్ట. మమ్మల్ని చూసింది, చూడనట్టు తల తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. అప్పుడు మా డిపో బస్సు ఒకటి వచ్చి, గీతలకి ఆనించి ఆగింది. మామ శిష్యుడే. స్టీరింగు మీంచి చెయ్యి లేచింది, అరచెయ్యి తెరుచుకుంది, కర్టెను జరిపినట్టు ఇటునుంచి అటు వెళ్లింది. ఆ మణికట్టు తిప్పడం కూడా మామదే.

జనం కదిలారు. మామ అందరికంటే ముందు గట్టు దిగాడు. ఆయన అంత త్వరగా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. బస్సు ముక్కు దాటే చోట ఆగి, వెనకొచ్చేవాళ్లకి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంటయ్యా అడ్డం, డ్రైవరు పొమ్మంటున్నాడు కదా" అని ఎవరో ఆయన భుజం మీద పడ్డారు. ఆయన మెడ చాచి బయటికి తొంగి చూశాడు. ఆ క్షణంలోనే ఒక వ్యాను పక్క వరసలోంచి దూసుకుపోయింది. దాని గాలికి ఆయన చొక్కా అంచు లేచింది. హారను కూడా కొట్టలేదు, అసలు చూస్తే కదా.

భుజం మీద పడ్డవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరో పిల్లని దగ్గరికి లాక్కున్నారు. ఆ అక్క గుంపులోంచి ముందుకొచ్చి మామ పక్కన నిలబడింది. కాలర్ల కట్ట గుండెకి ఆనించుకుంది.

"ఇప్పుడు వెళ్లనా?" అంది.

"నన్ను అడగొద్దమ్మా" అన్నాడు మామ. "నువ్వే చూడు."

ఆమె తొంగి చూసింది. చాలాసేపు చూసింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒకడు చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. పైనుంచి శిష్యుడు మళ్లీ చెయ్యి ఊపుతున్నాడు, ఈసారి వేళ్లు విదిలిస్తూ. ఆమె అటు చూడలేదు. రెండో వరస చివరి దాకా ఖాళీ అని తన కళ్లకి నమ్మకం కుదిరాక అడుగు వేసింది. నడుచుకుంటూ వెళ్లింది. చెల్లెలు నడిచేదని చెప్పినట్టే, హారన్లు ఎంత మోగినా నడుచుకుంటూనే రోడ్డు మధ్య దిమ్మె చేరింది.

మామ అడ్డం పెట్టిన చెయ్యి దించాడు. మిగతావాళ్లు ఆయన్ని దాటుకుని ముందుకి పోయారు. నేను వాళ్ల తలలే చూశాను. ఒకరిద్దరు రోడ్డు వైపు చూశారు. మిగిలినవాళ్లంతా పైకి, బస్సు ముందు అద్దంలోకి, ఆ చేతి వైపే చూస్తూ దాటారు.